మచ్చ యెవరిది?

రోగములు రెండు విధములు. మనుష్యుని చంపునవి కొన్ని. మనుష్యుని బ్రదుకనిచ్చి, ఆ బ్రదుకును ఇరుగుపొరుగువారి నోటి కప్పగించునవి కొన్ని. మొదటి వానికి మందు వైద్యుని యొద్ద నుండును. రెండవ వానికి సగము మందు వైద్యుని యొద్దను, తక్కిన సగము సంఘము నొద్దను ఉండును. బొల్లి యీ రెండవ జాతిలోనిది. దానిచే నెవ్వరును చావరు, కాలుసేతులు పడిపోవు, సామాన్యముగా నొప్పియైన నుండదు. అయినను మన తిరుపతి చిత్తూరు ప్రాంతములయందు ఒక యింటి యాడబిడ్డకు పెదవిమీదనో వ్రేళ్ల కొనలయందో తెల్లని మచ్చ కనబడెనా, ఆ యింట చావు జరిగినంత దుఃఖము ప్రవేశించును. తల్లి తలుపు మూయును. తండ్రి జాతకముల సంచి అటకమీద బెట్టును. చిన్న చెల్లెలికి సైతము సంబంధములు రావను భయము పుట్టును. ఇంత దుఃఖమును కలిగింపగల శక్తి ఆ గోరంత మచ్చకు లేదు. ఆ శక్తిని దానికిచ్చినవారెవరో విచారించుటకే యీ వ్యాసము.

ముందుగా ఈ వ్యాధి యెట్టిదో తెలిసికొందము. మన చర్మమునకు రంగునిచ్చునది మెలనిన్ అను వర్ణద్రవ్యము. దానిని తయారుచేయు కణములకు మెలనోసైటులని పేరు. బయటినుండి వచ్చు శత్రువులను చంపి శరీరమును కాపాడవలసిన రక్షకకణములు భ్రాంతిపడి యీ రంగుకణములనే శత్రువులుగా నెంచి నశింపజేయును. కాపలావాడు ఇంటివానినే దొంగ యనుకొని కొట్టినట్లని చెప్పవచ్చును. ఆ చోట చర్మము తెల్లబడును. ఇట్టి వ్యాధులను వైద్యులు ఆటో ఇమ్యూన్ వ్యాధులందురు. పిల్లలకు వచ్చు మొదటి రకపు మధుమేహము, కీళ్లను వంకరవోజేయు రుమటాయిడ్ వాతము, థైరాయిడ్ వ్యాధులలో కొన్ని యీ కుటుంబములోనివే. లోకమున నూటికి 0.5 మొదలు 2 వరకు జనులకు బొల్లి కలదని వైద్యుల యంచనా. వారిలో సుమారు సగముమందికి 20 ఏండ్లు నిండకముందే యది మొదలగును. అనగా బడికిపోవు నీడుననో, పెండ్లి మాటలు మొదలగు నీడుననో వచ్చు వ్యాధి యన్నమాట. ఇది అంటురోగము కాదు. తాకినను, ఒకే కంచమున దినినను, ఒకరి బట్ట యొకరు కట్టినను, నలువదియేండ్లు కాపురము చేసినను, ఒకరినుండి యొకరికి రాదు.

మరి యింతటి భయమెట్లు వచ్చినది? సగము పేరువలన వచ్చినది. దీనిని "తెల్ల కుష్ఠు" అనుట మనలో నొక పాడు అలవాటు. కుష్ఠువునకు కారణమైన సూక్ష్మజీవిని నార్వే దేశీయుడగు హాన్సెన్ 1873లో కనుగొనెను. అది నరములను పట్టి చర్మమునకు స్పర్శ లేకుండ జేయును. బొల్లిలో ఏ సూక్ష్మజీవియు లేదు. తెల్లని మచ్చమీద సూది గ్రుచ్చినను, వేడి తగిలినను, తక్కిన చర్మమునకు వలెనే తెలియును. ఈ రెంటికిని గల భేదము మన పూర్వులకు తెలియనిదియు గాదు. సుశ్రుతుడు కిలాసమును కుష్ఠవర్గముననే చేర్చినను, అది చర్మమునందే నిలుచునదనియు, రసి కారనిదనియు చెప్పి వేరుపరచినాడు. సూక్ష్మదర్శినులు లేని కాలమున ఆ వైద్యుడు కంటితో జూచి చేసిన విభాగమును, పట్టములు పుచ్చుకొన్న మనము చేతిలోని ఫోనులో నన్నియు వెదకుకొనుచు గూడ కలిపివేయుచున్నాము.

ఇచ్చట నొక హెచ్చరిక యవసరము. "ఇది కుష్ఠువు కాదు, కావున వీరిని వెలివేయకుడు" అని చెప్పువారు, కుష్ఠురోగిని వెలివేయవచ్చునని తమకు తెలియకయే యొప్పుకొనుచున్నారు. కుష్ఠువునకు నేడు మందులు గలవు. ఆరు నెలలనుండి పండ్రెండు నెలలవరకు వాడిన నయమగును. చికిత్స మొదలైన కొలది కాలములోనే అంటు పోవును. 1955 నాటి హిందూ వివాహ చట్టములో కుష్ఠువు విడాకులకు కారణముగా నుండెను. ఆ మాటను 2019లో పార్లమెంటు ఐదు చట్టములనుండి తీసివేసినది. చట్టము వారికే తలుపు తెరచినపుడు, ఎన్నడును అంటనిదియు, ఆ చట్టములో నేనాడును పేర్కొనబడనిదియు నగు బొల్లికి మన యిండ్ల తలుపు మూసియుండుట యే ధర్మము?

"శాస్త్రము చెప్పినది గదా" యని కొందరందురు. శాస్త్రమునే చూతము. మనుస్మృతి మూడవ యధ్యాయము పెండ్లికి విసర్జింపవలసిన పది కుటుంబములను చెప్పుచు శ్విత్రము గలవారిని పేర్కొన్న మాట నిజమే. కాని యా పట్టికను మొదటినుండి చదువుడు. వేదాధ్యయనము లేని కుటుంబము, మగబిడ్డలు లేని కుటుంబము, ఒంటినిండ రోమములుగల కుటుంబము, అర్శస్సులు గల కుటుంబము, అజీర్తి గల కుటుంబము, క్షయ గల కుటుంబము — ఇవన్నియు అందే యున్నవి. వేదాధ్యయనము లేదని ఈనాడెవరు సంబంధము మానుకొన్నారు? పెండ్లిచూపులకు వచ్చి "మీ వంశమున మూలశంక గలదా? అన్నము సరిగా నరుగునా?" యని యడిగిన పెండ్లికొడుకు తండ్రి యెక్కడనైన నుండెనా? పదింటిలో తొమ్మిదింటిని గంగలో గలిపి యొక్కదానిని పట్టుకొని "శాస్త్రము" అనుట శాస్త్రముపై గౌరవము కాదు. మన భయమునకు శాస్త్రముచేత సాక్ష్యము చెప్పించుట.

ఆ పట్టికలోని క్షయ సంగతియే చూడుడు. పూర్వపు చిత్తూరు జిల్లాలో మదనపల్లె చెంత ఆరోగ్యవరమున క్షయరోగుల చికిత్సాలయము 1915లో తెరవబడినది. క్షయ నిజముగా అంటురోగము, నిజముగా చంపినది. అయినను నేడు మన యూళ్లలో "మా మామకు క్షయ వచ్చినది, ఆరు నెలలు మందు తినినాడు, నయమైనది" యని చెప్పుకొనువారు గలరు. చంపిన రోగము పేరు నోటికి వచ్చినది గాని, చంపని రోగము పేరింకను గొంతు దాటలేదు.

చరకునిగూర్చియు నొక మాట. అసత్యము, కృతఘ్నత, దేవనింద, గురుధిక్కారము, పాపములు, పూర్వకర్మ, విరుద్ధాహారము — ఇవి కిలాసమునకు కారణములని చరకసంహిత చెప్పును. చేపలును పాలును కలిపి తినిన బొల్లి వచ్చునను మన యింటిమాటకు బలము నిచ్చినది ఈ విరుద్ధాహార వాదమే. కాని, చదువరులారా, అబద్ధమాడిన ప్రతివానికిని ఒంటిమీద తెల్లమచ్చ పుట్టవలసినచో మన కచేరీలయందును, అంగళ్లయందును, ఎన్నికల సభలయందును నల్లని చర్మమొక్కటియైన మిగులునా? అంతకన్న ప్రాచీనమగు అథర్వవేదము రోగిని పాపివని నిందింపలేదు. రాత్రి పుట్టిన నల్లని మూలికను పిలిచి, ఈ చర్మమునకు నీ రంగు నిమ్మని వేడుకొన్నది. మూలిక నన్వేషించిన యా బుద్ధియే నేటి వైద్యశాస్త్రమునకు మూలము. పెద్దల ననుసరింపదలచువారు వారి యన్వేషణము ననుసరింపవలెను గాని, ఆ కాలమునకు తోచిన కారణమును శిలాశాసనము చేయరాదు.

శాస్త్రము నోడించినయెడల రెండవ యాక్షేపము వచ్చును: "వంశపారంపర్యము గదా, రేపు పుట్టబోవు బిడ్డల గతి యేమి?" ఇది న్యాయమైన ప్రశ్న, న్యాయమైన సమాధానము చెప్పవలెను. ఈ వ్యాధికి వంశమున కొంత పాలు గలదు. అది యెంత? రోగి తోబుట్టువులలో నూటికి ఆరుగురికి వచ్చుచున్నట్లు 2003లో ప్రకటింపబడిన యొక పరిశోధన తెలుపుచున్నది. ఒకే పిండమునుండి పుట్టి యొకే రూపముగల కవలలలో ఒకరికి బొల్లి యున్నప్పుడు రెండవవారికి వచ్చినది నూటికి 23 జంటలలో మాత్రమే యని యా పరిశోధనయే చెప్పుచున్నది. రక్తమంతయు నొకటైన కవలలే నూటికి 77 జంటలలో తప్పించుకొన్నప్పుడు, రేపటి బిడ్డను జూపి నేటి బిడ్డ గొంతు కోయుట యేమి న్యాయము? పెద్దవారికి వచ్చు చక్కెరవ్యాధి వంశమున దిగుట ఇంతకన్న చాల యెక్కువ. అది కన్నులను, మూత్రపిండములను, కాళ్లను హరించును. అయినను మన ప్రాంతమున చక్కెరవ్యాధి గల తండ్రి కుమారునికి సంబంధము తప్పిపోయెనని యెవరైన వింటిరా? మనము భయపడునది రోగమునకు గాదు, పదిమందికి కనబడుటకు. లోపల పుచ్చినది పనికివచ్చును. పైన తెల్లబడినది పనికిరాదు. ఇది వివేకమైనచో ఇక అవివేకమనగా నెట్టిదో నాకు తెలియదు.

పై రెండాక్షేపములును పోయిన పిమ్మట మూడవది మిగులును. అది యాక్షేపమువలె కనబడదు; మర్యాదవలె కనబడును. "మాకేమియు పట్టింపు లేదండీ, లోకము ఊరకుండునా?" విద్యావంతుల యిండ్లలో నేను తరచుగా విన్న వాక్యమిది. ఈ లోకమను పెద్దమనిషి యెక్కడ నివసించును? తిరుపతిలోనా, చిత్తూరులోనా, పుత్తూరులోనా? ఆయన యింటి సంఖ్య యేమి? ఒకరి కొకరము లోకమై, ఒకరి వెనుక నొకరము దాగియున్నాము. ప్రతి యింటను పట్టింపు లేనివారే యుండి యూరంతయు పట్టింపుతో నిండియుండుట మన ప్రాంతపు వింతలలో నొకటి.

ఆడబిడ్డ విషయమున నీ లోకము మరింత నిర్దయము. మగవానికి మచ్చ వచ్చిన కట్నము తగ్గును. ఆడుదానికి వచ్చిన పెండ్లియే నిలిచిపోవును. పెండ్లియైన పిమ్మట మచ్చ కనబడిన కోడలిని "ముందే యుండినది, దాచి చేసినారు" అని పుట్టినింటికి బంపినవారు గలరు. ఇరువదేండ్లకు రాని మచ్చ ముప్పదియేండ్లకు రావచ్చునను సంగతి యా అత్తమామల కెవరు చెప్పవలెను?

ఈ ప్రశ్నయే మనలను ముఖ్యవిషయమునకు తెచ్చుచున్నది. జూన్ 25వ తేది ప్రపంచ బొల్లి దినము. 2011 నుండి జరుపబడుచున్నది. ఆ తేదిని ఎన్నుకొనుటకు కారణము, 2009లో ఆ దినమున అమెరికా దేశపు గాయకుడు మైకేల్ జాక్సన్ మరణించుట. ఆయనకు బొల్లి యుండెను. 1993లో టెలివిజనులో ఆ మాట తానే చెప్పెను. నమ్మినవారు కొందరు, నల్లవాడగుట కిష్టములేక తెల్లబరచుకొన్నాడని యెగతాళి చేసినవారు చాలమంది. మరణానంతర పరీక్షలో ఆయన చెప్పినదే నిజమని తేలినది. భూగోళమంతట వినబడు కంఠము గలవాడు తన రోగమును తానే చెప్పుకొన్నను లోకము నమ్మలేదు. అట్లయినచో పలమనేరు చెంత పల్లెలో పదునారేండ్ల బాలిక "నాది అంటదు" అని చెప్పిన ఎవరు నమ్ముదురు?

కావున నేను ఘంటాపథముగా జెప్పునది యొక్కటే: ఈ విషయమున స్వచ్ఛంద సేవకు పూనుకొనవలసినవారు రోగులు కారు, రోగము లేనివారు. ఇప్పుడు జరుగుచున్నది తలక్రిందుగా నున్నది. అవగాహన సభ యనగా ఒక బొల్లిరోగిని వేదికనెక్కించి, కష్టములు చెప్పించి, శాలువ కప్పి, చప్పట్లు చరచి, ఇండ్లకుబోయి తలుపులు వేసికొనుటగా మారినది. గాయపడినవానినే కట్టు కట్టుమనుట వంటిది. మాటాడదలచిన రోగి మాటాడుగాక. అది వారి ధైర్యము, వారి హక్కు. కాని యది వారి విధి కాదు. విధి మనది, ఏలయన భయము మనలో నున్నది, వారిలో లేదు.

సరిహద్దునకు ఆవల తమిళనాట కొందరు స్వచ్ఛందసేవకులు చాలకాలముగా చేయుచున్న పని మన కొక పాఠము. తమిళమున దీనిని "వెణ్ కుష్ఠం" అనెడివారు. ఆ పేరును విడిచి "వెణ్ పుళ్ళి", అనగా తెల్లమచ్చ, అనవలెనని వారు ఉద్యమించిరి. చిత్తూరు వారికి వెల్లూరు దూరము కాదు. మన యంగళ్లలో సగము మాటలు తమిళమే. వారి మాటలు తెచ్చుకొన్నవారము ఈ వివేకమును మాత్రము సరిహద్దులో నేల దించివచ్చితిమి? మనకు "బొల్లి" యను పేరు, "తెల్లమచ్చలు" అను పేరు ఉండనే యున్నవి. "తెల్ల కుష్ఠు" అను మాట మన యెదుట నెవరైన పలికినపుడు ఆ క్షణముననే దిద్దుట మొదటి సేవ. దీనికి చందాలు వలదు, బ్యానరు వలదు.

రెండవ సేవ బడిలో. చిత్తూరునకు సమీపమున నొక పల్లెబడిలో ఎనిమిదవ తరగతి బాలిక యొకతె, మే నెల సమీపించు నెండలో సైతము మణికట్టుదాక చొక్కా తొడిగి వచ్చుచుండెడిది. లెక్కలలో నిపుణురాలు, అయినను బోర్డునొద్దకు పిలిచిన రాదు. సుద్దముక్క పట్టుకొన్న చేయి తరగతికంతకు కనబడును గదా! ప్రక్కన కూర్చుండు పిల్ల తల్లి వచ్చి స్థలము మార్పుమని కోరగా, ఆ తరగతి యుపాధ్యాయుడు మార్చివేసెను. కొన్ని దినములకు చర్మమునుగూర్చిన పాఠము చెప్పవలసి వచ్చినపుడు, ఏ విద్యార్థిని వైపును జూడక, ఎవరి పేరును ఎత్తక, బొల్లి యనగా నేమో పదినిమిషములు చెప్పితిని. పిల్లలు మూడు ప్రశ్నలడిగిరి: అంటునా? నొప్పి పెట్టునా? పోవునా? మూటికిని సమాధానము విని పుస్తకములు తిప్పుకొనిరి. మరుసటి వారము స్థలములు తమంతట తామే పూర్వపురీతికి వచ్చినవి. పిల్లలకు పదినిమిషములు చాలినవి. ప్రతి బడిలోను ఏడాదికి ఆ పదినిమిషము లిచ్చు ఉపాధ్యాయు డొక్కడున్న చాలును.

మూడవ సేవ వైద్యము దారి చూపుట. "మూడు నెలలలో సమూలముగా" అను గోడప్రకటనలను నమ్మి కమ్మలమ్ముకొన్నవారు పెక్కురు. దీనిని శాశ్వతముగా తుడిచివేయు మందు నేటికిని లేదు. కాని రంగును చాలవరకు తిరిగి తెప్పించు చికిత్సలు గలవు. పైపూతలు, వారమునకు రెండు మూడు మారులు నెలలతరబడి యిచ్చు సన్నని అతినీలలోహిత కిరణముల చికిత్స, వ్యాధి నిలిచిన పిమ్మట చర్మపు మార్పిడి — ఇవి పరీక్షకు నిలిచినవి. 2022లో అమెరికాలో రక్సోలిటినిబ్ అను పూతమందున కనుమతి లభించినది. ముఖమునకు రంగు త్వరగా వచ్చును. వ్రేళ్లకొనలు, పెదవులు మొండివి. మొదటనే మొదలిడిన ఫలమెక్కువ. మన బావంచాలలోని సోరాలెన్ ఎండతో గలిసి రంగు తెచ్చునను మాట సత్యమే. ఆధునిక వైద్యులును సోరాలెనును కిరణములతో గలిపి వాడిరి. కాని కొలత తెలియక పూసికొని యెండలో నిలిచిన చర్మము కాలును. తిరుపతిలో రుయా ఆసుపత్రియు, స్విమ్సును, చిత్తూరు కుప్పములలో వైద్యకళాశాలల ఆసుపత్రులును గలవు. థైరాయిడ్ వ్యాధి దీనితోగూడ వచ్చుట కలదు గనుక ఆ పరీక్షను వైద్యుని యడుగవలెను. కొన్ని బొట్టుబిళ్లల జిగురులోని రసాయనమువలన బొట్టుచోటనే చర్మము తెల్లబడుట గలదు. అట్టిచో బిళ్ల మానవలెను. ఇంతమాత్రము తెలిసిన గృహస్థుడు, వారమునకు రెండుమారులు బస్సెక్కి కూలి పోగొట్టుకొని రావలసిన పల్లెవానికి తోడుగా నొక్క దినము వచ్చిన, అది వంద కరపత్రములకు సమానము.

నాల్గవది, అన్నిటికన్న కష్టమైనది, పెండ్లి. బొల్లివారికి వేరుగా వివాహవేదికలు వెలసినవి. వారి కష్టమున నవి యుపకారమే; కాని "మీలో మీరు చేసికొనుడు" అని మనము తృప్తిపడినచో, ఉన్న కులములు చాలక మరియొక కులమును పుట్టించినవారమగుదుము. దాచి పెండ్లి చేయుడని నేను చెప్పను. సత్యము చెప్పియే చేయవలెను. కాని సత్యము చెప్పినవానిని శిక్షించు సంఘమునకు, అబద్ధము చెప్పినవానిని నిందించు హక్కు లేదు. తిరుపతి పెండ్లిండ్లకు పుట్టినిల్లు. దేశపు నలుమూలలనుండి వచ్చి కొండమీద మూడుముళ్లు వేసికొని పోవుదురు. ఆ క్షేత్రము నీడన నివసించు మనము, మధ్యవర్తి చెవిలో "పిల్లకు చేతిమీద మచ్చ యున్నదట" యని గొణిగినపుడు, నలుగురు వినునట్లుగా "అయిన నేమి? పిల్ల యేమి చదివినది?" అని యడుగగలమా? అట్లడిగిన యొక్క మేనమామ, అట్లడిగిన యొక్క అత్తగారు, జూన్ నెలలో జెండా పట్టుకొని నడచిన వేయిమందికన్న గొప్ప స్వచ్ఛందసేవకులు.

విద్యాధికులగు గృహస్థులారా! వితంతువునకు పెండ్లి చేయుటకు మన పూర్వులు రాళ్లదెబ్బలు తినిరి. మనల నెవరును రాళ్లు వేయరు. అడుగుచున్నది యొక్క వాక్యమును గొంతెత్తి చెప్పుమని మాత్రమే: "ఇది అంటదు, ఇది పాపము కాదు, మా యింటికి ఈ బిడ్డ రావచ్చును." ఈ వాక్యమును మీ భోజనపు బల్లయొద్ద, మీ బడిలో, మీ యింటి పెండ్లిమాటలలో పలుకుడు. చర్మముమీది మచ్చను మాన్పుటకు వైద్యులు శ్రమించుచున్నారు. సంఘముమీది మచ్చను మాన్పుటకు వైద్యులు రారు.